రన్‌వే అవతలి చేలు

మా సార్ పోయారు. ఈ మాట చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "విమానం కూలిందా?" అని. కూలలేదు. ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి, కుర్చీలో పేపరు చదువుకుంటూ పోయారు. గుండెపోటు. చిన్న విమానాలు నడపడం నేర్పే మనిషి అలా కుర్చీలో పోవడం అడిగినవాళ్లకు కాస్త నిరాశగా ఉన్నట్టుంది, మొహాల్లో తెలిసిపోతూనే ఉంది. సార్ చూస్తే నవ్వేవారు. "మీరంతా ముసలివాళ్లై, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోవాళ్లని విసిగించి విసిగించి పోవాలి, నాక్కావలసింది అదే" అని శిక్షణ మొదటి రోజునే ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు ఆయన.

కబురు నాకు ఫోన్లో రాలేదు. విమానాలు నిలిపే షెడ్డు దగ్గర, ఆ రోజు మొదటి ఫ్లైటుకు తయారవుతుంటే, మా మెకానిక్ అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చెల్లే, ఇయ్యాల ఇంజన్ స్టార్ట్ జెయ్యకు. సారు పోయిండట" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మాకు సార్ అంటే ఒక్కరే. ఆయన దగ్గర నేర్చుకుని, ఇప్పుడు అక్కడే కొత్తవాళ్లకు నేర్పుతున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాయమని మా శిక్షణ కేంద్రం వాళ్లు అడిగారు. రాస్తున్నాను.

మాది శంషాబాద్ పక్కన ఒక ఊరు. పెద్ద విమానాశ్రయం కోసం తీసుకున్న భూముల్లో మా నాన్న సాగు చేసిన చెలక కూడా పోయింది. తర్వాత కొన్నాళ్లకే నాన్న కూడా పోయాడు. అమ్మా నేనూ బుద్వేల్‌లో ఇల్లు తీసుకుని చేరాం. అమ్మ రాజేంద్రనగర్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సు. 2008లో పెద్ద విమానాలు దిగడం మొదలయ్యాక, మా చెలక ఉన్న చోట ఇప్పుడు ఏముందో చూడాలని నాకు ఒకటే యావ పట్టుకుంది. కింది నుంచి చూస్తే ప్రహరీగోడ తప్ప ఏమీ కనపడదు. డిగ్రీ అయిపోగానే పైలట్ శిక్షణకు పోతానన్నాను. "నీ నాయన భూమి పైసలు, నీ ఇష్టం" అంది అమ్మ. అందులో తన ఇష్టం లేదని నాకు బాగా అర్థమయ్యేలాగే అంది.

మా శిక్షణ కేంద్రానిది చిన్న రన్‌వే, మహేశ్వరం పోయే దిక్కున. విమానాలు కూడా చిన్నవే, రెండు సీట్లు, ఒక్క ఇంజన్. ఆ 'ఒక్క' అన్న మాట చుట్టూనే సార్ చదువంతా తిరిగేది. పెద్ద విమానంలో ఒక ఇంజన్ ఆగితే ఇంకోటి ఉంటుంది. మాకు ఆగితే పైన గాలి, కింద నేల, అంతే. అలాగని రాయిలా టప్పున పడిపోదు. కొంత దూరం జారుకుంటూ పోతుంది. ఆ కొంత దూరంలో దిగడానికి ఒక చోటు దొరకాలి. బాగా ఎత్తులో ఉంటే చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. రన్‌వే వదిలి అప్పుడే లేచినప్పుడు ఆగితే వ్యవధి ఉండదు. అప్పుడు పైలట్లు చేసే తప్పు ఒకటే, వెనక్కి తిరగడం. ఇప్పుడే వదిలిన రన్‌వే వెనకాలే ఉంది కదా, పోయి దిగుదాం అనిపిస్తుంది. తిరగబోతే ఉన్న కాస్త ఎత్తూ, ఉన్న కాస్త వేగమూ ఆ తిరగడంలోనే అయిపోతాయి. విమానం ఒక రెక్క వాల్చి పడిపోతుంది. అలా రన్‌వేకు కూతవేటు దూరంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

"లేచాక రన్‌వే నీది కాదు" అనేవారు సార్. "ముందు ఏముందో అదే నీది. చెలకైతే చెలక, తుమ్మచెట్లయితే తుమ్మచెట్లు."

సార్‌ది బందరు వైపు. మిలిటరీలో విమానాలు నడిపి, రిటైరై ఇక్కడికి వచ్చారు. హైదరాబాదులో ఎన్నేళ్లున్నా ఆయన నోట్లోంచి 'అండి' పోలేదు. ఆ అండితోనే ఆదివారం పూట రన్‌వే చివర ఉన్న చేలన్నీ తిరిగేవారు. మమ్మల్నీ తిప్పేవారు. పైలట్ చదువంటే నల్లకళ్లద్దాలూ, భుజాల మీద పట్టీలూ అనుకుని వచ్చిన మేము, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని పల్లేరుకాయలు ఏరుకుంటూ గట్ల మీద నడిచేవాళ్లం. పైనుంచి చూస్తే చదునుగా పట్టు పరిచినట్టు ఉండే చేలో ఎన్ని రాళ్లుంటాయో, ఎక్కడ పాతబావి నోరు తెరుచుకుని ఉందో, కరెంటు తీగ ఏ మూల నుంచి ఏ మూలకు పోయిందో కాళ్లతో తెలుసుకోవాలని ఆయన పట్టుదల. దున్నిన సాళ్లు ఏ దిక్కుకు ఉన్నాయో చూడమనేవారు. సాలు వెంట దిగితే చక్రం నడుస్తుంది, సాలుకు అడ్డంగా దిగితే తట్టుకుని పల్టీ కొడుతుంది.

రైతులతో ఆయన మాట్లాడటం వినాల్సిందే.

"ఏమండీ, ఈసారి ఏం వేస్తున్నారు?"

"ఏమేస్తం సారూ, ఆన పడితే మక్కలు, పడకుంటే ఆముదం. నీకేంది, కొంటవా?"

"కొననండి. మా పిల్లలు ఎప్పుడైనా మీ చేలో దిగాల్సి రావొచ్చు. అందుకని."

మొదట్లో వాళ్లు ఈయన్ని ఏ కంపెనీ మనిషో, భూములు బేరం చేసే ఏజెంటో అనుకున్నారు. తర్వాత గాలిమోటర్ సారు అని పేరు పెట్టారు. ఈ పక్క ఊళ్లలో పెద్దవాళ్లు విమానాన్ని ఇప్పటికీ గాలిమోటర్ అనే అంటారు. ఆ పేరు విని సార్ ఎంత మురిసిపోయారంటే, ఇంటికి వెళ్లి భార్యకు చెప్పారట. ఆవిడ మాకు చెప్పి నవ్వింది.

ఇక ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ప్రతి విద్యార్థీ ఒక పాఠం ఒప్పజెప్పాలి. ముందు ఏముంది, ఎడమ పక్క ఏముంది, కుడి పక్క ఏముంది. "ముందు మక్కజొన్న సార్, మనిషెత్తు. ఎడమ పక్క కోసేసిన జొన్నచేను. కుడి పక్క టమాట, కర్రలు పాతారు." తప్పు చెబితే ఆ రోజు విమానం కదలదు. నాతో చదివిన ఒక సిటీ అబ్బాయి ఒకసారి "ముందు పచ్చిక సార్" అన్నాడు. సార్ దిగి, వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లి ఆ పచ్చిక చూపించారు. వరి మడి. చీలమండ దాకా నీళ్లు. "దీంట్లో దిగితే చక్రం కూరుకుపోయి బోర్లా పడతావు. నాట్లు వేయడానికి వచ్చావనుకుని ఆ అక్క నీ చేతికో కట్ట ఇస్తుంది" అన్నారు. నాట్లేస్తున్న ఆడవాళ్లు నవ్వి నవ్వి నడుములు పట్టుకున్నారు. శిక్షణ అయిపోయేదాకా మేము వాణ్ణి పచ్చిక అనే పిలిచాం.

నా మొదటి ఫ్లైట్లో సార్, అనుమతి ఉన్నంత మేర, పెద్ద విమానాశ్రయం వైపు తీసుకెళ్లి, "అదిగో, చూసుకో" అన్నారు. నా యావ సంగతి ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు. చూశాను. తెల్లగా, పొడుగ్గా సిమెంటు. మా చెలక ఎక్కడో గుర్తుపట్టడానికి ఒక్క చెట్టు లేదు. ఆ రోజు ఆయన పాఠమేమీ చెప్పలేదు. తిరిగి వచ్చేదాకా తానే నడిపారు.

ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన కొద్ది వారాలకు నాకు ఇంజన్ ఆగింది. వానలు వెనకపట్టిన రోజులు. ఆ పొద్దున పాఠం ఒప్పజెబుతూ "ముందు మక్కజొన్న సార్" అన్నాను. "నిన్న కోశారు. చొప్ప ఒక పక్కకు పేరుస్తున్నారు. ఇవాళ అది ఖాళీ" అని సార్ దిద్దారు. నేను మళ్లీ సరిగ్గా చెప్పేదాకా వదల్లేదు.

రన్‌వే వదిలాను. చేల మీదకు వచ్చాను. ఇంజన్లో ఏదో టక్కుమంది, విమానం మొత్తం దడదడా వణికింది, చప్పుడు పోయింది. ముక్కు దగ్గర తిరిగే పంకా నెమ్మదించి నిలువుగా ఆగిపోయింది. ఆకాశంలో ఉండగా అది ఆగిపోవడం చూస్తే ఎంత వింతగా ఉంటుందో చెప్పలేను. నా మెడ నాకు తెలియకుండానే వెనక్కి తిరగబోయింది. రన్‌వే అక్కడే ఉంది, నల్లగా, నున్నగా. కానీ ఆయన అన్నేళ్లుగా అందరికీ, నాకూ ఎక్కించిన మాట ఒకటుంది కదా. ముక్కు కిందికి వంచాను. ముందు చేను ఖాళీగా ఉంది, మొదళ్లు మాత్రం మిగిలి పసుపుపచ్చగా కనపడుతోంది. ముందు రోజు లెక్కన మక్కజొన్న నిలబడే ఉందనుకుని ఉంటే ఆ ఖాళీ చేను కళ్లముందే ఉన్నా నమ్మేదాన్ని కాదేమో. సాళ్ల వెంట దిగాను. చక్రాలు నేలకు తగిలాక ఒక గట్టు వచ్చింది. ముందుచక్రం విరిగింది, విమానం ముక్కు మట్టిలో గుచ్చుకుని ఆగింది. నా నుదురు ఎదుటి పలకకు కొట్టుకుంది.

ఆ చేను వాళ్ల పెద్దమ్మ, చొప్ప పేరుస్తున్నదల్లా, పరుగెత్తుకుంటూ వచ్చింది. తలుపు ఎటు లాగాలో తెలియక రెండు చేతులతో బాదుతూ, "బిడ్డా! ఓ బిడ్డా! పానం ఉన్నదా?" అని అరిచింది. నేను దిగి నిలబడగానే, వంగి చేలో మట్టి గుప్పెడు తీసి, నా చుట్టూ తిప్పి, ఉమ్మి, దూరంగా విసిరేసింది. మేము చర్చికి పోయేవాళ్లం. దిష్టి నమ్మం. ఆ రోజు మాత్రం నేను బుద్ధిగా నిలబడి తిప్పించుకున్నాను.

సార్ రన్‌వే నుంచి చేల గుండా పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో ఆయన అంత పరుగెత్తగలరని నాకు తెలియదు. వచ్చి అడిగింది ఇదీ:

"పెట్రోలు కట్టేశావా?"

"కట్టేశాను సార్."

"స్విచ్చులు?"

"ఆపాను సార్."

"బాగుంది" అని గట్టు మీద కూర్చున్నారు. పెద్దమ్మ ఇచ్చిన నీళ్ల చెంబు ఎత్తి తాగబోతే సగం నీళ్లు చొక్కా మీద పోయాయి.

తర్వాత అధికారులు వచ్చారు, విమానం విప్పి చూశారు. ఇంజన్ లోపల ఒక వాల్వు విరిగింది. బయటి నుంచి ఎంత చూసినా కనపడే సంగతి కాదని తేల్చారు.

నుదుటి మీద దెబ్బకు నన్ను తీసుకుపోయింది అమ్మ పనిచేసే దవాఖానకే. అమ్మే కుట్లు శుభ్రం చేసి కట్టు కట్టింది. పేషెంటు ముందు ఏడవకూడదని ఆమె రూలు. ఇంటికొచ్చాక నా యూనిఫాం బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తన మెడలో శిలువ ఉన్న గొలుసుకే కట్టుకుంది. "భూమి తీస్కున్నరు. సరే అన్న. ఇగ పిల్లను గూడ ఇయ్యాల్నా?" అంది. నాకు మళ్లీ ఎగరాలని ఉంది, భయంగానూ ఉంది. లైసెన్సు ఇంకా రాలేదు. అప్పుడు ఆపేస్తే ఇక జీవితంలో ఆ సీట్లో కూర్చోనని నాకు తెలుసు. అమ్మకు ఆ సంగతి చెప్పాను. "మంచిదే గద" అంది.

కొన్నాళ్లకు సార్ మా ఇంటికి వచ్చారు. చేతిలో జామకాయల సంచి. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది. కప్పు కింద పెట్టగానే మొదలుపెట్టింది.

"సారూ, ఎక్కువ మాటలెందుకు. ఇంకోసారి ఇంజన్ ఆగదని నాకు మాటియ్యిన్రి. రేపే పంపిస్త."

"ఇవ్వలేనమ్మా."

"ఎందుకియ్యరు? ఇన్నేండ్ల సంది నేర్పుతున్నరు గదా."

"అందుకే ఇవ్వలేను. ఆగొచ్చు. నాకూ ఆగింది. మళ్లీ ఆగదని చెప్తే అబద్ధమవుతుంది."

అమ్మకు కోపం వచ్చింది. "మరి ఏం మొకం పెట్టుకొని వచ్చిన్రు మా ఇంటికి?"

"మీ అమ్మాయి దిగిన చేను మీకు చూపిద్దామని వచ్చాను. ఒక్కసారి వస్తారా?"

నేను వెనక గదిలోంచి వింటూ తల పట్టుకున్నాను. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుంది ఈయనకు, అమ్మ నమ్మడానికి సిద్ధంగానే ఉంది కదా, అని లోపల లోపల తిట్టుకున్నాను. అమ్మ వస్తుందనుకోలేదు. వచ్చింది. ఆ చేను తన కళ్లతో చూసి, ఇది చావు జాగా అని ఆయన మొహాన్నే చెప్పి వద్దామని వచ్చిందట. తర్వాత చెప్పింది.

చేలో నా చక్రాల జాడ ఇంకా ఉంది. తిన్నగా, సాలు వెంట. అమ్మ ఆ జాడ మొదలు నుంచి చివరి దాకా నడిచింది. విమానం ముక్కు గుచ్చుకున్న గుంత దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత తలెత్తి రన్‌వే వైపు చూసింది.

"గింత దగ్గరున్నది గదా సారూ. వెనకకు తిరిగి ఆడనే దిగొచ్చు గదా. ఎందుకు గిట్ల ముంగటికి పోయింది?"

"అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా. నా స్నేహితుడికీ అనిపించింది." సార్ అంతకుముందు ఆ సంగతి మాకెవ్వరికీ చెప్పలేదు. "నేను కింద నిలబడి చూస్తున్నాను. ముందు మంచి మైదానం ఉంది. వాడు రన్‌వే కోసం తిరిగాడు. సగం తిరిగాడు. వాడి భార్యకు ఆ కబురు నేనే వెళ్లి చెప్పాను. మళ్లీ అలాంటి కబురు ఎవరికీ చెప్పకూడదని, అప్పటి నుంచి ఈ చేలు తిరుగుతున్నాను."

అమ్మ వెళ్లి చొప్ప మోపు మీద కూర్చున్న పెద్దమ్మ పక్కన చేరి కూర్చుంది. ఆ పెద్దమ్మ, నేను ఎట్లా దిగానో, తాను ఎట్లా పరుగెత్తిందో చేతులు ఊపుతూ చెప్పింది. విమానం చప్పుడు లేకుండా వచ్చిందట, గద్ద వచ్చినట్టు.

"భయం గాలేదా అక్కా?" అంది అమ్మ.

"ఎందుకు గాదు. కానీ బిడ్డ మొకం అద్దంల నుంచి కనవడ్డది. సక్కగ నా దిక్కే జూసుకుంట వస్తున్నది. ఎటు పోవాల్నో దానికి ఎరుకున్నది అనుకున్న. నేను పక్కకు జరిగిన" అంది పెద్దమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ గొలుసు నుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "పో. ఆయన మాటిచ్చి ఉంటే పంపకపోదును. అబద్ధం చెప్పెటోని చేతుల పిల్లను పెట్టను" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. తాను మాత్రం ఎప్పుడూ రన్‌వే దగ్గరికి రాదట, నేను లేవడం చూడదట. చూస్తే మళ్లీ తాళం వేస్తుందట. ఆ మాట మీద ఉంది కూడా. నా లైసెన్సు వచ్చిన రోజు, ఇన్‌స్ట్రక్టర్‌నైన రోజు, అందరి తల్లులూ వచ్చారు. మా అమ్మ రాలేదు. మా ఇంటి మీదుగా ఏ విమానం పోయినా తలెత్తదు, మొహం తిప్పుకుంటుంది.

కానీ ఆదివారాలు చర్చి అయ్యాక ఊళ్ల నుంచి వచ్చిన కూరగాయల రైతులను పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. "ఏం పెట్టిన్రు ఈసారి? పత్తా? కట్టెలు ఎంత ఎత్తొచ్చినయి?" సాయంత్రం నాకు చెప్పేది. "ఆ మూలమీది చేను కౌలుకిచ్చిన్రట, పందిర్లు ఏస్తున్నరట. సారుకు చెప్పు, పరేషాన్ గావద్దు." సార్ ఆ కబుర్లన్నీ శ్రద్ధగా విని, వెళ్లి చూసి వచ్చేవారు. "మీ అమ్మగారి రిపోర్టు సరిగ్గా ఉంది" అని నాతో చెప్పి పంపేవారు. వాళ్లిద్దరూ ఆ తర్వాత కలుసుకున్నది చాలా తక్కువ. స్నేహం మాత్రం గట్టిదే అనుకుంటాను.

చేలు అలా ఎన్నాళ్లో ఉండలేదు. ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. పెద్దమ్మ వాళ్ల చేను కూడా. ముందుగా చెప్పడానికి ఆమె పెనిమిటి, ముసలాయన, స్వయంగా మా షెడ్డు దాకా నడిచి వచ్చాడు.

"గాలిమోటర్ సారూ, చేను అమ్మినం. కొడుకులు ఇనలే. నీకు అన్యాలం చేసినట్టు అనిపిస్తున్నది."

"నేనేమన్నా దాంట్లో ఒక్క గింజ పండించానా అండీ, నాకు అన్యాయం ఏముంది? చెప్పారు, అది చాలు. రాళ్లు ఎప్పుడు పాతుతారు?"

"వచ్చే నెల అన్నరు."

రాళ్లు పాతాక సార్ ఆ వెంచర్ ఆఫీసుకు వెళ్లారు. నేను వెంట ఉన్నాను. టై కట్టుకున్న కుర్రాడు కూల్‌డ్రింక్ ఇచ్చి, ఈశాన్యం మూల ప్లాటు మీలాంటి పెద్దవాళ్లకోసమే ఆపి ఉంచామన్నాడు. సార్ ప్లాన్ కాగితం అంతా చూసి, "ఈ మెయిన్ రోడ్డు చాలా తిన్నగా ఉంది. దీనికి కరెంటు స్తంభాలు ఒక్క పక్కనే వేయించగలరా? కుదిరితే కుడి పక్క?" అన్నారు. కుర్రాడు వాస్తు కోసమేమో అనుకుని, "తప్పకుండా సార్, మీ ప్లాటు వైపు లేకుండా చూస్తాం" అని మాటిచ్చాడు. స్తంభాలు వచ్చాయి. రెండు పక్కలా వచ్చాయి. సార్ ఒకసారి వెళ్లి చూసి, "ఇది ఇక మనది కాదు" అన్నారు. మర్నాటి నుంచి మా పాఠంలో ముందు అన్న చోట "స్తంభాలు, రాళ్లు" అని చేరింది. దిగే చోటు ఇంకాస్త ఎడమకు, చిన్న సొరకాయల చేలోకి జరిగింది. ఆయన వాపోవడం నేను చూడలేదు. ఆ సాయంత్రం మాత్రం చాయ్ తాగకుండా ఇంటికి వెళ్లిపోయారు.

దహనానికి చాలామంది వచ్చారు. పెద్ద పెద్ద విమానాలు నడిపే ఆయన శిష్యులు యూనిఫాంలోనే వచ్చారు. పెద్దమ్మా ముసలాయనా రెండు బస్సులు మారి వచ్చారు. మా అమ్మ దవాఖానకు సెలవు పెట్టి వచ్చింది. సార్ భార్యకు తానెవరో చెప్పుకోబోతే, ఆవిడే "తెలుసమ్మా, పంటల రిపోర్టు మీరే కదా" అని చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నాకు ప్రాణం ఉందంటే అది ఆయన చేలు తిరగడం వల్ల, నాకు ఈ పని ఉందంటే అది ఆయన అబద్ధం చెప్పకపోవడం వల్ల. ఇంతకంటే ఎక్కువగా చెప్పడం నాకు రాదు.

ఇంటికి వస్తూ దారిలో అమ్మ అంది, "నన్ను ఒకపారి ఎక్కియ్యి."

"దేంట్ల?"

"నీ దాంట్లనే. ఆ సారు ఉన్నన్ని దినాలు నాకు నిమ్మలముండె. ఇగ నువ్వెట్ల పోతున్నవో నేనే చూస్కోవాలె."

అనుమతి తీసుకుని, గాలి నిలకడగా ఉన్న ఒక పొద్దున తీసుకెళ్లాను. ముందు ఏముందో, పక్కల ఏముందో అమ్మే నాకు ఒప్పజెప్పింది. నేను అడగలేదు. ఎక్కేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టబోతూ, చర్చి గుమ్మం దగ్గర చేసినట్టు, చెప్పులు విప్పి పక్కన పెట్టింది. నేను చూడలేదు. మెకానిక్ అన్న తర్వాత చెప్పాడు. లేచాం. అమ్మ కళ్లు మూసుకోలేదు. చేలూ ప్లాట్లూ దాటి పైకి పోయాక, చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది.

"చెప్పులు ఆడనే ఇడ్సిన. మళ్ల ఆడికే దిగుతం గద?"

సార్‌ను అడిగిన ప్రశ్నే నన్నూ అడిగింది.

"దిగుదామనే ఎక్కినం అమ్మా. మాటైతే ఇయ్యలేను."

అమ్మ ఊఁ అంది. గుప్పిట్లో బిగించి పట్టుకున్న కొంగు వదిలి, కిటికీ వైపు వంగి కిందికి చూడసాగింది.

దిగాక చెప్పులు ఎండకు కాలిపోతున్నాయి. అమ్మ ఒక కాలు పెట్టి, "అబ్బ" అని వెనక్కి తీసుకుంది. నీళ్లు పోస్తానంటే వద్దంది. రెక్క నీడలో వట్టి కాళ్లతో నిలబడింది. అప్పుడే మా విద్యార్థిని ఒకమ్మాయి ఒంటరిగా విమానం తీసుకుని రన్‌వే వదిలి లేచింది. అమ్మ మొహం తిప్పుకోలేదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ విమానం స్తంభాలు దాటి, సొరకాయల చేను దాటి, చిన్నదైపోయి, చప్పుడు కూడా వినపడకుండా పోయేదాకా చూసింది. చెప్పులు చల్లబడ్డాయని చెప్పాను. "ఆగు, ఆ పిల్లను మళ్ల దిగనియ్యి" అని అక్కడే నిలబడింది.